పామాయిల్ గెలకు గానుగ చాలదు. ముందు పిప్పిలో పోయే నూనె లెక్క చూపించాలి

సంపాదకులకు,

అయ్యా,

వేరుశనగకీ నువ్వులకీ ఊళ్లో గానుగ ఉన్నట్టే పామాయిల్‌కీ ఊరికో చిన్న మిల్లు పెట్టుకుంటే ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు వరస కట్టే బాధ తప్పుతుంది కదా అన్న మాట అశ్వారావుపేట, సత్తుపల్లి, చింతలపూడి వైపు రైతుల్లో తరచు వినపడుతోంది. ఆఫ్రికాలో ఆడవాళ్లు చేతి ప్రెస్సు తిప్పుతూ ఎర్రటి నూనె తీసే వీడియోలు ఫోన్లలో చూశాక ఈ ఆశ ఇంకా పెరిగింది. ఆశ తప్పు కాదు. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ముందే నిర్ణయించే జోన్ పద్ధతిలో, ధర మీదా నూనె శాతం మీదా రైతుకు అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. కానీ గెల నుంచి నూనె తీసే పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే, పోరాడాల్సింది ఊరి మిల్లు కోసం కాదని తేలుతుంది. చట్టం సంగతి అటుంచి యంత్రాల సంగతే చెబుతాం.

గానుగ ఎందుకు పనికిరాదంటే, అది ఎండు గింజ కోసం పుట్టిన యంత్రం. నువ్వుల్లో, పల్లీల్లో తేమ 6, 7 శాతమే. పామాయిల్ పండును గోటితో గీకి చూడండి: నారింజ రంగు గుజ్జు, దాన్నిండా సన్నటి పీచు, మధ్యలో రాయిలాంటి గింజ. పండిన గుజ్జులో సగం దాకా నూనె, మూడో వంతు పైగా నీరు. దాన్ని రోకలి కింద నలిపితే నీరూ నూనే కలిసి చిక్కటి ముద్ద అవుతుంది తప్ప నూనె ధారగా దిగదు. పైగా ఈ నూనె 35 డిగ్రీల చుట్టూ గడ్డ కట్టడం మొదలెడుతుంది. చల్లగా నలిపితే అసలు కదలదు. నూనెను ద్రావకంలో కరిగించి తీసే సాల్వెంట్ పద్ధతి తడి గుజ్జుకు కుదరదు, దానికీ ఎండు సరుకే కావాలి. గానుగ, ఎక్స్‌పెల్లర్ పనికొచ్చేది గింజ లోపలి పప్పుకే. పెంకు పగలగొట్టి, పప్పును 7 శాతం తేమకు ఆరబెట్టి ఆడిస్తే వచ్చే నూనె కొబ్బరినూనె జాతిది, గుజ్జు నూనెతో దానికి పోలిక లేదు. ఒకే పండులోని ఈ రెండు నూనెలనూ కలిపి మాట్లాడటం వల్లే సగం గందరగోళం.

రెండో చిక్కు పండులోనే ఉంది. గుజ్జులో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. చెట్టు మీద పండు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ అది నూనె జోలికి రాదు. గెల కోసి కింద పడేసినప్పుడు, ట్రాక్టర్లోకి విసిరినప్పుడు, కలెక్షన్ సెంటర్‌లో తొక్కినప్పుడు నలిగిన ప్రతి పండులో అది వెంటనే పని మొదలెట్టి నూనెను కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొడుతుంది. ఇలా విడిపోయిన ఆమ్లాలనే మిల్లులో ఎఫ్ఎఫ్ఏ (ఫ్రీ ఫ్యాటీ యాసిడ్స్) అంటారు. ముడి పామాయిల్‌లో ఇది 5 శాతం దాటితే రిఫైనరీ కోత పెడుతుంది. 60 డిగ్రీల వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే నూనె తీయడంలో మొదటి మెట్టు పిండటం కాదు, ఉడికించడం. కోసిన 24 గంటల్లో ఉడకాలన్న నియమం అక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఆ వీడియోల సంగతి. నైజీరియా దక్షిణ రాష్ట్రాల్లో, ఘనాలో, బెనిన్‌లో ఊళ్లలో చేసేది ఇలా ఉంటుంది. గెలను గొడ్డలితో నాలుగైదు ముక్కలు చేసి, కుప్పపోసి, తడి గోనెలు కప్పి రెండు మూడు రోజులు ఉంచుతారు. పచ్చి గెల నుంచి పండు చేత్తో ఊడదు, మగ్గితేనే ఊడుతుంది. ఊడిన పండ్లను 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి కట్టెల పొయ్యి మీద రెండు మూడు గంటలు ఉడకబెడతారు. వేడి మీదే రోట్లో దంచుతారు, లేదా తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. గింజలు ఏరేసి, ముద్ద మీద నీళ్లు పోసి, పీచును చేత్తో జాడిస్తే నారింజ రంగు నురగ పైకి తేలుతుంది. ఆ నురగను ఎత్తి మళ్లీ మరిగించి, పైన తేరిన నూనెను గరిటెతో తీసి, ఇంకో పాత్రలో కాచి నీరు ఆవిరి చేస్తారు. పాత్రలో చిటపటలు ఆగితే నీరు పోయిందని గుర్తు. కొలత లేని చోట చెవే కొలత. అడుగున మడ్డి కదలకుండా పై నూనెను ఒంచుకోవడంలోనే నేర్పంతా ఉంది.

పని చూడముచ్చటగానే ఉంటుంది, కానీ పండులో ఉన్న నూనెలో సుమారు సగమే చేతికొస్తుంది. మిగతాది పీచులోనూ, పారబోసిన నీళ్లలోనూ పోతుంది. కుప్పపోసి మగ్గబెట్టిన ఆ రెండు మూడు రోజుల్లో ఎఫ్ఎఫ్ఏ పెరిగిపోతుంది. కొన్ని చోట్ల పండ్లను గోతుల్లో రోజుల తరబడి పులియబెట్టి, ఉడికించకుండానే తొక్కి నూనె తీసేవాళ్లు. పని తక్కువ, కట్టెలు తక్కువ, కానీ ఆ నూనెలో ఎఫ్ఎఫ్ఏ 30 శాతం పైనే. వ్యాపారులు దాన్ని గట్టి నూనె అనేవాళ్లు, సబ్బుకు తప్ప దేనికీ పోయేది కాదు. అక్కడి వంటలో ఎర్ర నూనె రంగుతో, ఘాటుతో సహా నేరుగా వాడతారు కాబట్టి ఊళ్లో తీసిన నూనెకు ఊరి సంతలోనే గిరాకీ ఉంటుంది. మన వంటింట్లో ఆ ఎర్ర నూనె పోసి పులిహోర కలిపేవాళ్లు ఎవరున్నారు? రంగూ వాసనా తీసేసిన నూనె కావాలంటే రిఫైనరీకి పోవాల్సిందే. రిఫైనరీ అడిగే మొదటి ప్రశ్న ఎఫ్ఎఫ్ఏ ఎంత అని.

ఇంకో తేడా కూడా వీడియోలో కనపడదు. ఆఫ్రికా ఊళ్ల పాత చెట్లు ఎక్కువగా డ్యూరా రకం. పెంకు మందం, గుజ్జు పల్చన. మన తోటలన్నీ టెనెరా, అంటే డ్యూరాను పెంకులేని పిసిఫెరాతో కలిపి తెచ్చిన సంకరం. పెంకు పల్చగా, గుజ్జు దండిగా ఉంటుంది. డ్యూరా గెలకు సరిపోయిన పద్ధతి టెనెరాకు పెడితే పోగొట్టుకునే నూనె ఇంకా ఎక్కువ. ఉన్న చోటే కదా పోయేది!

చేతి ప్రెస్సులు రోటి కన్నా మెరుగు, సందేహం లేదు. నిలువు స్క్రూ ప్రెస్సు అంటే చిల్లులున్న ఇనుప పంజరం, పైన మరతో దిగే పలక, తిప్పడానికి పొడవాటి కడ్డీ, ఇద్దరు మనుషులు. దాన్ని చెడగొట్టేది తొందర. మర గబగబా తిప్పితే నూనె బయటికి రావడానికి దారి దొరక్క, ముద్దే పలక పక్కల నుంచి పైకి ఎగదన్నుతుంది. నాలుగు తిప్పులు తిప్పి, ధార సన్నబడే దాకా ఆగి, మళ్లీ తిప్పాలి. ఈలోగా ముద్ద చల్లారుతుంది, చల్లారితే నూనె చిక్కబడుతుంది. అందుకే పంజరాన్ని ముందు మరిగే నీళ్లతో కడిగి వేడెక్కించుకోవాలి. ముద్దను డ్రమ్ములోంచి నేరుగా రోట్లోకీ, రోట్లోంచి నేరుగా ప్రెస్సులోకీ పొగలు కక్కుతుండగానే మార్చాలి. మధ్యలో టీ తాగడానికి ఆగితే ఆ బ్యాచ్ పోయినట్టే. మర అరిగితే ఒత్తిడి పడదు, అరిగినట్టు పైకి తెలియదు. పిప్పి తడిగా వస్తుంటేనే తెలుస్తుంది.

హైడ్రాలిక్ జాకీతో నడిచే ప్రెస్సు ఇంకా గట్టిగా పిండుతుంది, మనిషి కండ తక్కువ పడుతుంది. దాని జబ్బు సీళ్లది. సీలు పోతే జాకీ ఆయిల్ తినే నూనెలో కలుస్తుంది. రెండూ ఎర్రగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. చిన్న మోటారు స్క్రూ ప్రెస్సు ఆగకుండా నడుస్తుంది కాబట్టి గంటకు ఎక్కువ పని చేస్తుంది. కానీ బయటకొచ్చే చోటి కోన్ బిగిస్తే గింజ విరిగి పప్పునూనె గుజ్జునూనెలోకి వస్తుంది, వదులు చేస్తే పిప్పిలో నూనె మిగిలిపోతుంది. స్క్రూ అరిగిన ఇనుము నూనెలో చేరితే నిల్వలో తొందరగా ముక్క వాసన పడుతుంది. ఇక మరిగే నీళ్లు పంపి నూనెను కడిగేసే తడి పద్ధతి ఒకటుంది. యంత్రం చౌక, కానీ తాగే నీళ్లు, కాల్చే కట్టెలు, వదిలే మురుగు చూస్తే చౌక అనిపించదు.

అన్నిటినీ ఒకే కొలతలో పెడదాం. ఒక టన్ను టెనెరా గెలల్లో 215 కిలోల నూనె ఉందనుకోండి. దంచి నీళ్లలో జాడించే పద్ధతిలో సుమారు 105 కిలోలు వస్తాయి. జాగ్రత్తగా నడిపిన చేతి స్క్రూ ప్రెస్సులో 140 దాకా, చేతి హైడ్రాలిక్‌లో 160 దాకా. సరిగ్గా నడిచే ఆవిరి మిల్లులో 198, 200. కిలో నూనె 100 రూపాయలనుకుంటే, మంచి చేతి ప్రెస్సు దగ్గర కూడా, ఆవిరి మిల్లుతో పోలిస్తే, టన్నుకు 4 వేల రూపాయల నూనె పిప్పిలో పారేస్తున్నాం. కట్టెలు, కూలీ, ఎఫ్ఎఫ్ఏ కోత దీనికి అదనం. మిల్లుకు కట్టెల ఖర్చు ఉండదు. పిండిన పీచు, పగిలిన పెంకే బాయిలర్‌లో కాలి ఆవిరినీ కరెంటునూ ఇస్తాయి. మురుగు సంగతి ఎవరూ ఎత్తరు. టన్ను గెలకు 600, 700 లీటర్ల గోధుమరంగు మురుగు వస్తుంది. దాని బీఓడీ (మురికి కుళ్లేటప్పుడు నీటిలోంచి లాగేసే ఆక్సిజన్ కొలత) లీటరుకు 25 వేల మిల్లీగ్రాముల స్థాయిలో ఉంటుంది, ఊరి డ్రైనేజీ నీటికి వంద రెట్లు. ఊరికో మిల్లు అంటే ఊరికో మురుగు చెరువు.

జాతీయ వంటనూనెల మిషన్ 2021లో ఈశాన్య రాష్ట్రాల కోసం చిన్న మిల్లుకు సాయం ప్రకటించినప్పుడు పెట్టిన కొలత గంటకు 5 టన్నులు, దానికి 5 కోట్లు. చిన్నదన్నా అది రోజుకు వంద టన్నుల గెలలు కోరే మిల్లు. ఎకరాకు ఏడాదికి 8 టన్నుల లెక్కన మూడు నాలుగు వేల ఎకరాల కాపు దానికి మేత కావాలి. పది ఊళ్ల రైతులు సంఘంగా కలిసి అలాంటిది అడిగితే అర్థముంది. షెడ్డులో జాకీ ప్రెస్సు పెట్టడంలో లేదు.

అయితే పెద్ద మిల్లు ఉన్నంత మాత్రాన నూనె దానంతటదే వచ్చేయదు. అసలు మాట ఇక్కడుంది. 215లో 200 తీసే మిల్లూ ఉంటుంది, 190 దగ్గర ఆగే మిల్లూ ఉంటుంది. గేటు బయట నిలబడితే రెండిటి పొగ గొట్టాలూ ఒకేలా కనపడతాయి.

స్టెరిలైజర్ దగ్గర మొదలెడదాం. గెలలను పొడవాటి ఉక్కు పీపాలోకి నెట్టి తలుపు బిగించి, 3 బార్ల ఒత్తిడిలో, 130 డిగ్రీలు దాటిన ఆవిరితో గంటన్నర లోపు ఉడికిస్తారు. ఒకేసారి 3 బార్లకు ఎక్కించకూడదు. గెలల సందుల్లో గాలి ఉంటుంది. గాలి ఉన్న చోటికి ఆవిరి వేడి అందదు. గేజి 3 బార్లు చూపిస్తున్నా లోపలి గెల పచ్చిగానే ఉంటుంది. అందుకే ఒకటిన్నర బార్లకు ఎక్కించి ఒక్కసారిగా వదిలేస్తారు, మళ్లీ రెండున్నర దాకా ఎక్కించి వదులుతారు, మూడోసారి 3 బార్ల దగ్గర 40, 45 నిమిషాలు పట్టి ఉంచుతారు. ప్రతిసారీ వదిలిన ఆవిరి గాలినీ అడుగున చేరిన నీటినీ ఊడ్చుకుపోతుంది. గెలలు గుట్టపడిన రోజుల్లో షిఫ్టు వాళ్లు ఒకసారి ఎక్కించి వదలడం మానేసి పది నిమిషాలు మిగుల్చుకుంటారు. ఆ పది నిమిషాల ఖరీదు తర్వాతి యంత్రం దగ్గర కనపడుతుంది. గెల నుంచి పండ్లు రాల్చడానికి నిమిషానికి 23 చుట్లు తిరిగే త్రెషర్ డ్రమ్ములోంచి ఖాళీ గెలలు బయటపడేటప్పుడు, వాటి నడిమధ్యలో పండ్లు ఇంకా అంటుకునే ఉంటాయి. ఖాళీ గెలల కుప్ప దగ్గర కాకులు మూగితే స్టెరిలైజర్ సరిగ్గా నడవడం లేదని అర్థం. అలాగని అతిగా ఉడికిస్తే పండు చిట్లి నూనె ఖాళీ గెలకూ, ఆవిరి నీటికీ పడుతుంది. రంగు కూడా మాడి రిఫైనరీలో తెల్లబడదు.

డైజెస్టర్‌లో 90, 95 డిగ్రీల వేడి మీద ఇనుప చేతులు తిరిగి గుజ్జును గింజ నుంచి విడదీస్తాయి. అది కనీసం ముప్పావు వంతు నిండి ఉండాలి. సగం నిండినప్పుడు ముద్ద మీద బరువు లేక నలగకుండానే ప్రెస్సులోకి జారిపోతుంది. చేతులు అరిగినా అంతే. జంట స్క్రూ ప్రెస్సు దగ్గర పంచాయితీ చిన్న ప్రెస్సు దగ్గరిదే: పీచులో నూనె మిగలాలా, గింజ విరగాలా? మంచి ఆపరేటర్ రెండిటి మధ్య నడుస్తాడు. పిండిన రసానికి వేడి నీరు చేర్చి, నూనె పైకి తేరే తొట్టి అయిన క్లారిఫైయర్‌కు పంపుతారు. నీరు తక్కువైతే మడ్డి నూనెను వదలదు, ఎక్కువైతే మురుగు పెరిగి దాంతోపాటు నూనె పోతుంది. 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. తెర్లితే తేరడం ఆగిపోతుంది.

బాగా నడిచే మిల్లులో కూడా టన్ను గెలకు 15 నుంచి 17 కిలోల నూనె పోతుంది. లెక్క ఇలా ఉంటుంది: పిండిన పీచులో 6 కిలోలు, ఖాళీ గెలల్లో 4, మడ్డి నీళ్లలో 4, స్టెరిలైజర్ నీళ్లలో కిలో, గింజకు అంటుకున్నది కిలో లోపు. ప్రతి మిల్లు ల్యాబ్‌లోనూ ఈ అంకెలు షిఫ్టుకోసారి తీస్తారు. పీచు నమూనా ఆరబెట్టి, హెక్సేన్ అనే ద్రావకంలో కడిగి, తూచి రాసే పని అది. పుస్తకంలో ఉంటాయి, బోర్డు మీద ఉండవు.

రైతుకు మాత్రం ఓఈఆర్ (గెల బరువులో మిల్లు తీసిన నూనె శాతం) అనే ఒకే ఒక్క అంకె అందుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మధ్య దాని తేడా మీద ఏళ్ల తరబడి ఆందోళనలు జరిగాయి. ఓఈఆర్ ఒక్క శాతం మారితే టన్నుకు 10 కిలోల నూనె, కాబట్టి ఆందోళనలో న్యాయముంది. కానీ ఓఈఆర్ తక్కువొచ్చినప్పుడు దానర్థం రెండు రకాలుగా ఉండొచ్చు. గెలలో నూనె తక్కువుండటం ఒకటి, ఉన్న నూనెను మిల్లు పోగొట్టడం రెండోది. ఓఈఆర్ అంకె ఒక్కటీ చూస్తే ఏదో తెలియదు. మిల్లు వాళ్లు పచ్చి గెలలంటారు, రైతులు దొంగ లెక్కలంటారు, ఇద్దరి దగ్గరా రుజువు ఉండదు. నష్టాల అంకె పక్కనే ఉంటే ఐదు నిమిషాల్లో తేలే తగవు ఇది. ఓఈఆర్ 18 శాతం, నష్టాలు 1.6 శాతం (టన్నుకు 16 కిలోలు) అయితే గెలలోనే 19.6 ఉందన్నమాట, తప్పు తోటలో వెతకాలి. ఓఈఆర్ 18, నష్టాలు 2.8 అయితే మిల్లులో వెతకాలి.

తోటలో తప్పు లేదని మేం అనడం లేదు. నూనె గుజ్జులో చేరేది చివరి వారాల్లోనే. పైన నల్లగా మెరిసే గెల కోసి తెస్తే అందులో బరువుంటుంది, నూనె ఉండదు. చెట్టు మొదట్లో 5 నుంచి 10 పండ్లు రాలాకే కోయాలి. మామూలు రోజుల్లో 10, 12 రోజులకోసారి, వానాకాలంలో వారానికోసారి తోట తిరగాలి. కాడ 5 సెంటీమీటర్లకు మించి ఉంచితే అది బరువు పెంచినా నూనె ఇవ్వదు, పైగా ఆవిర్లో ఉడికి నూనెను పీల్చుకుంటుంది. రాలిన పండ్లను ఏరకుండా వదిలేయడం అన్నిటికన్నా పెద్ద నష్టం. గెల మొత్తంలో నూనె ఎక్కువున్న పండ్లు అవే, కూలీ గిట్టదని పాదులో వదిలేస్తున్నదీ వాటినే. వాటిని గోనెసంచిలో వేరుగా తెచ్చి, ఇసుక లేకుండా తూకం వేయిస్తే ఓఈఆర్‌లో మార్పు నెలలోనే కనిపిస్తుంది. ఇసుకతో తెస్తే స్క్రూ అరిగిపోతుంది, అదీ మన మెడకే.

ప్రభుత్వాలనూ, రెండు రాష్ట్రాల ఉద్యానశాఖలనూ, ఆయిల్‌ఫెడ్‌లనూ (నూనెగింజల సహకార సమాఖ్యలనూ), ప్రైవేటు మిల్లులనూ అడిగేది పెద్ద ఖర్చున్న పని కాదు. ప్రతి మిల్లు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టి, ముందు రోజు ఆడిన టన్నులు, ఓఈఆర్, పీచులో, ఖాళీ గెలల్లో, మడ్డి నీళ్లలో పోయిన నూనె, ఎఫ్ఎఫ్ఏ రాయాలి. నెలకోసారి రైతు ప్రతినిధుల ఎదుట నమూనాలు తీసి, వాటిలో సగం పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థలాంటి బయటి ల్యాబ్‌కు పంపాలి. నమూనా తీసే చోట రైతు కూడా ఒక గుప్పెడు పీచు తీసి పిడికిట్లో బిగించి చూడొచ్చు. బాగా పిండిన పీచు పొడిపొడిగా విడిపోతుంది, అరచేయి మీద సన్నటి జిడ్డు మాత్రమే మిగులుతుంది. వేళ్ల సందుల్లో ఎర్రగా మెరిస్తే ఆ ప్రెస్సు ఆపి చూడాల్సిందే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గెలలు ఒక్కసారిగా దిగే నెలల్లో ఇంకొకటి కూడా కావాలి. తూకం చీటీ మీద లోడు గేటు దాటిన సమయం ఒక్కటే ఉంటే చాలదు, అదే లోడు స్టెరిలైజర్‌లోకి ఎక్కిన సమయం కూడా ఉండాలి. రెండిటి మధ్య ఒక రాత్రి గడిస్తే ఆ లోడుకు పెరిగిన ఎఫ్ఎఫ్ఏ ఎవరి ఖాతాలో పడాలో చీటీయే చెబుతుంది.

ఇట్లు,
పామాయిల్ మిల్లుల ప్రాసెసింగ్ విభాగాల్లో పనిచేసే కొందరు ఇంజనీర్లు, ల్యాబ్ సిబ్బంది
భద్రాద్రి కొత్తగూడెం, ఏలూరు జిల్లాలు